చింతపిక్కలు, గవ్వలు, కాస్త ఓపిక: పిల్లలకు లెక్కల్లో ఆలోచించడం ఎలా అలవాటు చేయాలి

మా అమ్మాయికి నాలుగో తరగతికే ఎక్కాలు ఇరవై దాకా నోటికొచ్చు. మూడంకెల గుణకారం తప్పు లేకుండా చేసేది. కానీ "ఒక బస్సులో 40 మంది పడతారు, 130 మంది పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్లాలి, ఎన్ని బస్సులు కావాలి?" అని అడిగితే మాత్రం కాసేపు నా మొహం చూసి, "కూడాలా, భాగించాలా?" అనేది. భాగించమంటే చకచకా చేసి, "3, శేషం 10" అని రాసి పెన్సిల్ కింద పెట్టేసేది. ఆ పదిమందీ స్కూలు గేటు దగ్గరే నిలబడిపోయారన్న సంగతి తనకు తట్టేది కాదు.

లెక్క చేయడం వేరు, చిక్కు లెక్కను విప్పడం వేరు. రెండోది రావాలంటే, ఏం చేయాలో తెలియని చోట కంగారు పడకుండా కాసేపు ఉండగలగాలి. ఆటలో ఆ ఓపిక పిల్లలకు దానంతట అదే వస్తుంది. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలతో ఇంట్లో ఇది ఎలా మొదలుపెట్టాలో, నేను చేసిన తప్పులతో సహా చెబుతాను.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఓ రెండు గుప్పెళ్ల చింతపిక్కలు (మీ వైపు చింతగింజలు అంటారేమో), నాలుగు గవ్వలు, నాలుగు రూపాయి నాణేలు, సుద్దముక్క, గీతల్లేని ఒక నోటుపుస్తకం. అంతే. నేను డబ్బు పోసి రెండు "బ్రెయిన్ గేమ్" సెట్లు కొన్నాను. రెండూ అటకెక్కాయి.

వారానికి మూడు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు చాలు. హోంవర్క్ అయిన వెంటనే మాత్రం పెట్టకండి, అది కూడా హోంవర్కే అయిపోతుంది. ఆదివారం టిఫిన్ అయ్యాక, కరెంటు పోయినప్పుడు, రైలు ప్రయాణంలో పెట్టండి. "ఇంకొక్క ఆట" అని వాళ్లు అడుగుతుండగానే ఆపేయండి. మర్నాడు వాళ్లే పిక్కల డబ్బా తెస్తారు.

మొదటి అడుగు: ఇరవై ఒక్క పిక్కల ఆట

నేల మీద 21 పిక్కలు పెట్టండి. ఇద్దరు ఆడాలి. వంతు వచ్చినవాళ్లు ఒకటి గానీ, రెండు గానీ, మూడు గానీ పిక్కలు తీయాలి. ఆఖరి పిక్క ఎవరు తీస్తే వాళ్లు గెలిచినట్టు. ఇంతకంటే రూల్స్ లేవు.

మొదటి రెండు మూడు రోజులు ఊరికే ఆడండి, ఏమీ చెప్పకండి. ఇక్కడే నేను తప్పు చేశాను. ఈ ఆటకో కిటుకు ఉంది, అది నాకు ముందే తెలుసు. అందుకని వరసగా నేనే గెలిచాను. నాలుగో రోజు మా అమ్మాయి పిక్కలన్నీ మంచం కిందకి తోసేసి వెళ్లిపోయింది. తప్పు తనది కాదు. మీకు కిటుకు తెలిస్తే చేతికందినన్ని తీస్తూ ఆడండి, లేదా పిల్లలిద్దర్నీ ఒకరితో ఒకరు ఆడనిచ్చి మీరు పక్కన కూర్చోండి.

నాలుగైదు రోజులకు వాళ్లకే ఒకటి కనిపిస్తుంది: "నాలుగు మిగిలి నా వంతొచ్చిందంటే ఓడిపోతున్నాను." ఈ మాట కోసమే ఎదురుచూడండి. అది వచ్చాక, 21 పిక్కలూ పక్కన పెట్టి నాలుగే పెట్టండి. "ఎందుకు ఓడిపోతావు? చూపించు" అనండి. ఒకటి తీస్తే మూడు మిగులుతాయి, రెండు తీస్తే రెండు, మూడు తీస్తే ఒకటి. ఏది మిగిలినా అవతలివాళ్లు ఊడ్చేస్తారు. తప్పించుకునే దారి లేదని పిల్లలు తమ చేత్తో తీసి చూసుకోవాలి.

తర్వాత ఐదు పెట్టండి. ఒకటి తీస్తే అవతలివాళ్లకు నాలుగు మిగులుతాయి, అంటే మనమే గెలుస్తాం. ఆరయితే రెండు తీయాలి, ఏడయితే మూడు. ఎనిమిదయితే? ఇక్కడ తొందరపడకండి. ఎంత తీసినా ఐదో, ఆరో, ఏడో మిగులుతాయి. ఆ మూడూ అవతలివాళ్లు గెలిచే అంకెలని ఇందాకే తేలింది. అంటే ఎనిమిది కూడా నాలుగు లాంటిదే. నోటుపుస్తకంలో 1 నుంచి 12 దాకా వరసగా రాయించి, "ఇన్ని ఉండి నా వంతైతే గెలుపా, ఓటమా?" అని ఒక్కోదాని కింద గుర్తు పెట్టించండి. 4, 8, 12 కింద ఓటమి. ఆ వరస చూశాక 16, 20 మీరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు 21కి రండి. మొదట ఆడేవాళ్లు ఒకటి తీసి 20 మిగిలిస్తే చాలు. ఆ తర్వాత అవతలివాళ్లు ఒకటి తీస్తే మనం మూడు, రెండు తీస్తే రెండు, మూడు తీస్తే ఒకటి. ప్రతిసారీ ఇద్దరిదీ కలిపి నాలుగు తగ్గుతాయి. ఇది తేలడానికి మా ఇంట్లో తొమ్మిది రోజులు పట్టింది. మొదటి రోజే చెప్పేసి ఉంటే రెండు నిమిషాల్లో అయిపోయేది, కానీ మా అమ్మాయికి మిగిలేది ఒక చిట్కా మాత్రమే. తొమ్మిది రోజుల్లో వచ్చింది వేరు. పెద్ద చిక్కును చిన్నది చేసి చూడటం, చూసింది వరసగా రాసుకోవడం, అందులో పోలిక పట్టుకోవడం, అది పెద్దదానికి పనిచేస్తుందో లేదో ఆడి చూడటం. రేపు పదో తరగతిలో శ్రేఢుల లెక్క ముందున్నా చేయాల్సింది ఇదే.

కిటుకు దొరికాక ఆట పాతబడుతుంది. అప్పుడు రూల్ మార్చండి. ఒకటి లేదా రెండే తీయాలంటే? ఈసారి మూళ్ల వరస వస్తుంది. ఆఖరి పిక్క తీసినవాళ్లు ఓడినట్టు అంటే? అప్పుడు ఓటమి అంకెలు 1, 5, 9, 13, 17, 21 అవుతాయి, మొదట ఆడేవాళ్లకే చిక్కు. ఈ జాతి ఆటలకు నిమ్ అని పేరు. 1901లో చార్లెస్ బౌటన్ అనే అమెరికన్ గణితవేత్త దీని గుట్టంతా లెక్కకట్టి రాశాడు. ఈ ముక్క మా అబ్బాయికి చెబితే, "చింతపిక్కలతోనే ఆడాడా?" అన్నాడు.

రెండో అడుగు: మీ నోటిని కట్టేసుకోవడం

ఇది అన్నిటికంటే కష్టం. పిల్లలు తడబడుతుంటే మన నాలుక ఆగదు. "అలా కాదురా, ఇటు చూడు" అన్నామా, ఆలోచన మనదైపోయింది, చెయ్యి మాత్రమే వాళ్లది.

వాళ్లు ఆగిపోయినప్పుడు మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. అప్పటికీ కదలకపోతే ఒక ప్రశ్న అడగండి, జవాబు మాత్రం వద్దు. మా ఇంట్లో అరిగిపోయిన ప్రశ్నలు ఇవి. "ఇప్పటిదాకా మనకేం తెలుసు?" "అడిగింది ఏమిటి, నీ మాటల్లో చెప్పు." "ఇదే లెక్క చిన్న అంకెలతో ఉంటే?" "బొమ్మ గీస్తావా?" "చివర నుంచి వెనక్కి వస్తే?" జవాబు వచ్చాక, తప్పయినా ఒప్పయినా, ఒకటే ప్రశ్న: "ఎలా తెలిసింది?" తప్పయినప్పుడే ఈ ప్రశ్న అడిగితే పిల్లలు మీ గొంతును బట్టి తప్పని కనిపెట్టేస్తారు. కాబట్టి ఒప్పయినప్పుడూ అడగండి.

హంగరీలో పుట్టిన జార్జ్ పోల్యా అనే గణితవేత్త 1945లో చిక్కు లెక్కకు నాలుగు మెట్లు చెప్పాడు: అడిగిందేమిటో అర్థం చేసుకోవడం, దారి వెతుక్కోవడం, ఆ దారిన నడవడం, చేసింది వెనక్కి తిరిగి చూసుకోవడం. మన పిల్లలకు బడిలో మూడో మెట్టు బాగా నేర్పుతారు. మిగతా మూడిటికీ పీరియడ్ ఉండదు. బస్సుల లెక్కలో మా అమ్మాయి జారింది నాలుగో మెట్టు దగ్గరే.

మూడో అడుగు: అమ్మమ్మల నాటి చిక్కు లెక్కలు

లెక్కను కథగా చెప్పడం మనకు కొత్త కాదు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన అనే కవి, మహావీరాచార్యులనే గణితవేత్త సంస్కృతంలో రాసిన గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పాడు. పద్యాల దాకా వెళ్లక్కర్లేదు, అరుగు మీద చెప్పుకున్నవి చాలు.

పక్షుల లెక్క మీరూ వినే ఉంటారు. చెట్టు మీద ఒంటరి చిలక, ఎగురుతున్న చిలకల గుంపును చూసి "వందమంది చిలకలారా, ఎక్కడికి?" అంది. అవి, "మేం వంద కాదు. మేమూ, మా అంతమందీ, మాలో సగమూ, ఆ సగంలో సగమూ, నువ్వూ కలిస్తే వంద" అన్నాయి. గుంపులో ఎన్ని?

పెద్దవాళ్లం వెంటనే ఎక్స్ అనుకుని సమీకరణం రాసేస్తాం. పిల్లల దగ్గర దాని ఊసెత్తకండి. ఊహించమనండి. మా అబ్బాయి మొదట 50 అన్నాడు. "సగం 25, అందులో సగం పన్నెండున్నర. అర చిలక ఎగురుతుందా?" అని వాడే నవ్వాడు. ఆ నవ్వుతోనే గుంపు నాలుగుతో భాగించబడాలన్న సంగతి తేలిపోయింది. తర్వాత 40: 40, 40, 20, 10, 1 కలిపితే 111. ఎక్కువైంది. 32: 32, 32, 16, 8, 1 కలిపితే 89. తక్కువైంది. ఇక్కడ ఆపి అడగండి: "నాలుగు చిలకలు పెరిగితే మొత్తం ఎంత పెరుగుతుంది?" నాలుగు, నాలుగు, రెండు, ఒకటి, మొత్తం 11. 89కి 11 కలిపితే సరిగ్గా వంద. కాబట్టి 36. ఊహించడం తప్పేమీ కాదు. ఎంత తేడా వచ్చిందో చూసి రెండో ఊహను సరిచేసుకోవడంలోనే తెలివంతా ఉంది.

రెండోది పూల లెక్క. ఒక భక్తుడు కొన్ని పూలతో బయలుదేరాడు. దారిలో మూడు గుళ్లు, ప్రతి గుడి ముందూ ఒక కోనేరు. కోనేట్లో ముంచితే పూలు రెట్టింపవుతాయి. మూడు గుళ్లలోనూ సమానంగా పూలు పెట్టాడు. మూడో గుడి దాటేసరికి చేతిలో ఒక్క పువ్వూ లేదు. ఎన్నిటితో బయలుదేరాడు, గుడికెన్ని పెట్టాడు?

ముందు నుంచి వెళ్తే చిక్కుపడిపోతుంది. చివర నుంచి వెనక్కి నడిపించండి. గుడికి ఎనిమిది పెట్టాడని అనుకుందాం. మూడో గుడిలోకి వెళ్లేటప్పుడు చేతిలో 8, కోనేట్లో ముంచకముందు 4. ఆ 4 రెండో గుడిలో పెట్టాక మిగిలినవి, అంటే పెట్టకముందు 12, ముంచకముందు 6. అలాగే మొదటి గుడిలో పెట్టకముందు 14, ముంచకముందు 7. ఏడు పూలతో బయలుదేరి గుడికి ఎనిమిది పెట్టాడు. ఎనిమిదే ఎందుకు? ఒకటి, రెండు, నాలుగు పెట్టి చూడమనండి. ఎక్కడో ఒక చోట పువ్వు రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కలు చూశాకే, ఎనిమిది గాల్లోంచి ఊడిపడలేదని వాళ్లకు అర్థమవుతుంది.

ఇంకా చిన్నవాళ్లకైతే పులి, మేక, గడ్డిమోపు ఏరు దాటించే లెక్క పెట్టండి. చెప్పడం కాదు, నేల మీద సుద్దతో ఏరు గీసి బొమ్మలతో ఆడించండి. దాటించిన మేకను మళ్లీ వెనక్కి తేవాలని తట్టడానికి చాలాసేపు పడుతుంది. చేసిన పనిని వెనక్కి తీయడం పిల్లలకు ఓటమిలా కనిపిస్తుంది మరి. ఏడు దాట్లలో అయిపోతుంది.

ఒక చిన్న సంగతి. ఇంగ్లీషు మీడియం పిల్లలకు "ముప్పై ఆరు" అంటే ఆగి ఆలోచించాల్సి రావచ్చు, అమెరికాలో పెరుగుతున్న మనవలకైతే మరీను. లెక్క మీరు తెలుగులో చెప్పండి, వాళ్లకు తోచిన భాషలో తిరిగి చెప్పమనండి. తిరిగి చెప్పగలిగారంటే సగం అర్థమైనట్టే.

నాలుగో అడుగు: పలక ఆటలు

వామనగుంటలు ఉంటే అదృష్టం, లేకపోతే కోడిగుడ్ల అట్ట కత్తిరించి చేసుకోండి. రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. గుంటకు ఐదు చొప్పున మొత్తం 70 పిక్కలు. ఒక గుంటలోవి తీసి ఒక్కోటి పంచుకుంటూ వెళ్లాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంటలోవి ఎత్తి మళ్లీ పంచాలి. ఎదురుగా ఖాళీ గుంట వస్తే దాని అవతలి గుంటలోవి మనవి. ఇళ్లను బట్టి రూల్స్ కాస్త మారతాయి, మీ అమ్మమ్మ రూలే మీకు రూలు. ఆడేటప్పుడు ఒక్క ప్రశ్న కలపండి: "ఎత్తకముందే చెప్పు, చేతిలోది ఆఖరి పిక్క ఎక్కడ పడుతుంది?" మొదట్లో వేలితో గుంటలు లెక్కపెడతారు, తర్వాత కళ్లతో. రెండు వారాలు పోయాక గుంటల వైపు చూస్తూ పెదాలు కదుపుతారు. నాలుగు ఎత్తులు ముందుకు చూడటం అక్కడ మొదలవుతుంది. ఆటయ్యాక, "నీకు 38 వచ్చాయి, నావి లెక్కపెట్టకుండా చెప్పు."

పులి–మేక ఆటలో మామూలుగా పులులు మూడు, మేకలు పదిహేను. ఇద్దరి బలాలు వేరు, గెలిచే తీరూ వేరు. పులి మేకల మీదుగా దూకి చంపాలి, మేకలు పులులను కదలనివ్వకుండా కట్టేయాలి. పిల్లలు ఎప్పుడూ పులే కావాలంటారు. మేకల పక్షం కూడా వంతులవారీగా ఆడించండి. ప్రతి ఎత్తుకూ "ఇది ఇక్కడ పెడితే పులి ఏం చేస్తుంది?" అని ఆలోచించక తప్పని ఆట మేకలవాళ్లది.

అష్టాచెమ్మాలో గవ్వల సంగతి మరీ బావుంటుంది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. వీటికే ఇంకో పందెం ఎందుకిచ్చారు? ముందు గవ్వలు పక్కన పెట్టి నాలుగు నాణేలు తీసుకోండి. బొమ్మ, బొరుసు ఎన్ని రకాలుగా పడొచ్చో రాయించండి. 16 రకాలు వస్తాయి. అందులో అన్నీ బొమ్మలు ఒక్కటే, అన్నీ బొరుసులు ఒక్కటే, రెండూ రెండూ ఆరు. ఇప్పుడు 64 సార్లు వేసి గీతలు పెట్టమనండి. రెండూ రెండూ పడటం 24కి అటూ ఇటూ, అన్నీ బొమ్మలు పడటం నాలుగుకి అటూ ఇటూ రావాలి. అచ్చంగా అంతే రాకపోతే పిల్లలు లెక్క తప్పంటారు, ఇంకో 64 వేయించండి. తర్వాత అదే పని గవ్వలతో చేయించండి. లెక్క కుదరదు! గవ్వకు ఒక వైపు గుండ్రం, ఒక వైపు చదును. అది నాణెంలా సమంగా పడాలని లేదు. కాగితం మీద వేసిన లెక్కకూ చేతిలో ఉన్న వస్తువుకూ మధ్య తేడా ఉండొచ్చని ఏ పాఠమూ ఇంత బాగా చెప్పదు.

వైకుంఠపాళి గురించి నా అభిప్రాయం అడిగితే, అందులో ఆలోచనకు చోటు లేదు. పాము మింగితే మింగినట్టే. ఒక చిన్న మార్పు చేయండి: రెండు పాచికలు వేసి, రెండిటినీ కూడాలో, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలో ఆడేవాళ్లనే నిర్ణయించుకోనివ్వండి. ఇక ప్రతి పందానికీ ముందు పాములెక్కడున్నాయో చూసుకుంటారు.

ఐదో అడుగు: కాగితం, పెన్సిల్

నాసిక్ దగ్గర దేవలాలీలో కాప్రేకర్ అని ఒక బడిపంతులు ఉండేవాడు (1905–1986). ఆయన కనిపెట్టిన ఆట ఇది. అన్నీ ఒకటే కాని నాలుగు అంకెలు తీసుకోండి, ఉదాహరణకు 3524. పెద్దది ముందు వచ్చేలా పేర్చితే 5432, చిన్నది ముందు వచ్చేలా 2345. తీసేస్తే 3087. మళ్లీ అలాగే, 8730 లోంచి 0378 తీసేస్తే 8352. మళ్లీ, 8532 లోంచి 2358 తీసేస్తే 6174. ఇక ఎన్నిసార్లు చేసినా 6174 దగ్గరే తిరుగుతుంది. ఏ అంకెలతో మొదలుపెట్టినా ఏడు మెట్లలోపే అక్కడికి చేరుతుంది. తీసివేతలు రోజుకు పది చేయమంటే ఏడ్చే పిల్లలు దీనికి ఇరవై చేస్తారు. మూడంకెలతో ఏమవుతుందో చెప్పకండి, చేసి చూసుకోనివ్వండి.

చిల్లర లెక్క కూడా పెట్టండి. రూపాయి, రెండు, ఐదు నాణేలతో పది రూపాయలు ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చు? పిల్లలు తోచినట్టు రాసి ఏడు దగ్గరో ఎనిమిది దగ్గరో ఆగిపోతారు. "ఇంకేం మిగల్లేదని ఎలా తెలుసు?" అని అడగండి. ముందు ఐదు నాణెం అసలు లేనివి, తర్వాత ఒకటి ఉన్నవి, తర్వాత రెండు ఉన్నవి, ఇలా వరసలో రాస్తే ఆరు, మూడు, ఒకటి వస్తాయి. మొత్తం పది.

సుడోకు మంచిదే, వరసకు నాలుగు గళ్లుండే దానితో మొదలుపెట్టండి. కాకపోతే అందులో అంకెల బదులు అ, ఆ, ఇ, ఈ రాసినా ఆట మారదు. అది తర్కానికి పదును పెడుతుంది గానీ కూడికలకు కాదు.

ఏవి చేయకూడదు

టైమర్ పెట్టకండి. గెలిస్తే చాక్లెట్ అనకండి. నేను అన్నాను, వారంలో "ఈ లెక్కకి ఏమిస్తావ్?" దగ్గరకొచ్చింది. పక్కింటి అబ్బాయి ఎన్ని నిమిషాల్లో చేశాడో చెప్పకండి. తప్పు ప్రయత్నాలను రబ్బరుతో చెరపనివ్వకండి, ఒక గీత కొట్టి పక్కనే ఇంకోటి రాయమనండి. ఆర్నెల్ల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే, పిల్లల కంటే మీకే ఎక్కువ తెలుస్తుంది.

లెక్క తేలకుండానే నిద్రవేళ అయితే అలాగే వదిలేయండి. ఫ్రిజ్ మీద చీటీ అంటించండి. మా ఇంట్లో పూల లెక్క ఆ చీటీ మీద పదకొండు రోజులు ఉంది. తేలింది పళ్లు తోముకుంటున్నప్పుడు.

పిల్లలు కొత్త రూల్స్ పెట్టడం మొదలుపెట్టారంటే మీరు కాస్త వెనక్కి జరగొచ్చు. మొన్న మా అమ్మాయి 21 పిక్కల ఆటను మార్చింది. పిక్కలను రెండు కుప్పలు చేసింది. వంతు వచ్చినవాళ్లు ఏదో ఒక కుప్పలోంచి ఎన్నయినా తీయొచ్చు, ఆఖరి పిక్క తీసినవాళ్లు గెలిచినట్టు. దీనికీ ఒక కిటుకు ఉంది. అదేమిటో ఇక్కడ రాయను. ఏడు, ఏడు పిక్కలతో రెండు కుప్పలు పెట్టండి. ముందు ఆడాలో తర్వాత ఆడాలో పిల్లలనే తేల్చుకోమనండి.